సగానికి ఇస్తారా?

నాలుగేళ్ల స్కూటర్, సింగిల్ ఓనర్, 42,000 రూపాయలు అని ఫొటోలతో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన మనిషికి మొదట వచ్చే మెసేజ్ చాలాసార్లు ఇలా ఉంటుంది: "బ్రో, 20కి ఇస్తారా? ఫైనల్." అందులో నమస్కారం ఉండదు, బండి ఎలా ఉందన్న ప్రశ్న కూడా ఉండదు. అమ్మేవాడు ఆ నంబరును బ్లాక్ చేస్తాడు. ఒక్కోసారి నాలుగు మాటలు అనేసి మరీ బ్లాక్ చేస్తాడు.

అదే సగం మాట హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో అడిగి చూడండి. ఆరు వందలు చెప్పిన పాత మిక్సీని మూడు వందలకిస్తావా అంటే వ్యాపారికి కోపం రాదు. "పొద్దున్నే బోణీ బేరం, నాలుగున్నర వందలిచ్చి పట్టుకెళ్లండి" అంటాడు. యాభై రూపాయల దగ్గర కాసేపు అటూ ఇటూ లాగుతారు, తర్వాత ఇద్దరూ మామూలుగా విడిపోతారు. జుమ్మెరాత్ బజారులో పాత సామాన్ల దగ్గరైనా, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరైనా ఇదే తీరు. సగానికి అడగడం మన సంతల్లో పుట్టి పెరిగిన పద్ధతే. మరి ఆ సగం ఫోన్ తెర మీద కనబడగానే అవమానంగా ఎందుకు మారుతుంది?

ఆర్థికవేత్తలూ మనస్తత్వ శాస్త్రవేత్తలూ నలభై ఏళ్లకు పైగా ఈ చిక్కును రకరకాల వైపుల నుంచి తవ్వుతూ వస్తున్నారు. వాళ్లు మొదలుపెట్టింది పాత స్కూటర్లతో కాదు, కాఫీ కప్పులతో, పది డాలర్ల పంపకాలతో, మెదడు స్కానర్లతో. ఆ ఫలితాలను పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలిన సంగతి ఇది: తక్కువ అడిగినంత మాత్రాన ఎవరూ నొచ్చుకోరు. ఆ తక్కువకు కారణం కనబడనప్పుడే నొచ్చుకుంటారు.

కప్పు చేతికొచ్చాక

1990లో డేనియల్ కానమన్, జాక్ క్నెచ్, రిచర్డ్ థేలర్ ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 44 మంది విద్యార్థులను కూర్చోబెట్టి, వారిలో సగం మందికి తలా ఒక కాఫీ కప్పు ఇచ్చారు. క్యాంపస్ దుకాణంలో దాని ధర 6 డాలర్లు. కప్పు వచ్చినవాళ్లు ఎంతకు అమ్ముతారో రాయాలి, రానివాళ్లు ఎంతకు కొంటారో రాయాలి. కప్పులు ఎవరికి వచ్చాయన్నది కేవలం లాటరీ లాంటిదే కాబట్టి, కప్పంటే ఇష్టపడేవాళ్లు రెండు వైపులా సమానంగానే ఉండాలి. ఆ లెక్కన 22 కప్పుల్లో దాదాపు 11 చేతులు మారాలి. నాలుగుసార్లు బజారు నడిపితే మారినవి వరసగా 4, 1, 2, 2. అమ్మేవాళ్లు అడిగిన మధ్యస్థ ధర 5.25 డాలర్లు. కొనేవాళ్లు ఇస్తామన్నది 2.25 నుంచి 2.75 డాలర్ల దాకా మాత్రమే.

కప్పు వాళ్ల దగ్గర ఉన్నది కొన్ని నిమిషాలే. అందులో ఒక్కసారైనా కాఫీ తాగలేదు. అయినా నాది అనుకోగానే దాని విలువ రెండింతలైంది. దీన్ని ఎండోమెంట్ ఎఫెక్ట్ అంటారు. దీని వెనక ఉన్నది నష్టభయం: ఒక వస్తువు వచ్చినప్పుడు కలిగే సంతోషం కన్నా, అదే వస్తువు పోయేటప్పుడు కలిగే బాధ పెద్దది. కొనేవాడు తనకు రాబోయే సంతోషాన్ని తూకం వేస్తాడు, అమ్మేవాడు తనకు కలగబోయే లోటును తూకం వేస్తాడు. ఇద్దరూ నిజాయతీగానే లెక్క కడతారు, కానీ ఆ లెక్కలు కలవవు.

కప్పు దగ్గర రెండింతలైన తేడా మరోచోట ఎంతదాకా పోయిందో చూడండి. డ్యూక్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ అంటే విద్యార్థులకు ప్రాణం. పెద్ద మ్యాచ్ టికెట్ల కోసం డేరాలు వేసుకుని కాచుకుని, చివరికి లాటరీలో దక్కించుకుంటారు. జివ్ కార్మన్, డాన్ ఏరియలీ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, టికెట్ దొరికినవాళ్లు దాన్ని అమ్మడానికి సగటున 2,400 డాలర్లు అడిగారు. దొరకనివాళ్లు ఇస్తామన్నది సగటున 170 డాలర్లు. లాటరీ తీసే ముందురోజు దాకా వీళ్లందరూ ఒకే క్యూలో నిలబడ్డవాళ్లే.

స్కూటర్ సంగతికొస్తే, ఆ నాలుగేళ్లలో అది ఇంటి మనిషైపోయి ఉంటుంది. పిల్లను బడికి దింపింది దాని మీదే, వానలో తడుస్తూ ఆఫీసుకు వెళ్లింది దాని మీదే. షోరూమ్‌లో కట్టిన మొత్తం యజమానికి రూపాయితో సహా గుర్తుంటుంది. కొనేవాడి కళ్లకు కనబడేది మాత్రం ఎడమ పక్కన ఉన్న గీత. 42,000 అన్న అంకెలో బండి విలువతో పాటు ఆ నాలుగేళ్లు కూడా కొంత కలిసి ఉన్నాయి. 20 అనగానే ఆయనకు వాటి మీద ఎవరో చెయ్యి వేసినట్టుంటుంది.

ఎర్రగడ్డ వ్యాపారికి ఆ బాధ ఉండదు. దీనికీ పరిశోధన ఉంది. జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్త అమెరికాలో క్రీడాకారుల బొమ్మల కార్డులు, జ్ఞాపికలు అమ్మే ప్రదర్శనలకు వెళ్లి ఇలాంటి ప్రయోగాలే చేశాడు. ఎప్పుడో ఒకసారి వచ్చే మామూలు జనంలో ఈ మమకారం బలంగా కనిపించింది. రోజూ కొని అమ్మే వ్యాపారుల్లో దాదాపు లేదు. 2003లో వచ్చిన ఈ ఫలితం మన ప్రశ్నకు సగం జవాబు చెప్పేసింది. సంతలో వ్యాపారికి అది సరుకు. పొద్దున వచ్చింది, సాయంత్రానికి పోవాలి. ఆన్‌లైన్‌లో మన ఎదుట ఉన్నవాడు చాలాసార్లు జీవితంలో రెండో బండిని అమ్ముతున్న ఉద్యోగో, అత్తగారి కుట్టుమిషన్‌ను అమ్ముతున్న కోడలో అయ్యుంటుంది. సంత భాషను అలాగే తెచ్చి వాళ్ల ముందు వాడితే నొచ్చుకోవడం సహజం.

అందుకే మెసేజ్ పెట్టే ముందు ఎదుట ఎవరున్నారో చూసుకోవాలి. ఒకే నంబరు మీద పదిహేను ఫోన్లు అమ్మకానికి కనిపిస్తే ఆయన వ్యాపారి. అక్కడ సగానికి అడిగినా ఆటలో భాగమే. ఒక్క ఫ్రిజ్, ఒక్క మంచం, ఒక టీవీ స్టాండ్ పెట్టినవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్న కుటుంబం అయ్యుంటారు. ప్రొఫైల్ తెరిచి చూడటానికి అర నిమిషం కూడా పట్టదు.

పది డాలర్ల పంపకం

తనకు నష్టమని తెలిసి కూడా మనిషి ఒక్కోసారి బేరాన్ని తన్నేస్తాడు. ఇది మొదట ప్రయోగశాలలో బయటపడింది 1982లో, జర్మనీలో వెర్నర్ గూట్, ఆయన సహచరులు ఆడించిన అల్టిమేటం ఆటలో. దాని నియమం తేలిక. ఇద్దరి మధ్య కొంత డబ్బు పెడతారు. మొదటివాడు ఎలా పంచుకోవాలో చెబుతాడు. రెండోవాడు సరేనంటే అలాగే పంచుకుంటారు, కాదంటే ఇద్దరికీ సున్నా. లెక్క ప్రకారమైతే రెండోవాడు ఒక్క రూపాయి ఇచ్చినా తీసుకోవాలి, సున్నా కన్నా అదే నయం కదా. కానీ మనుషులు అలా చెయ్యరు. మొత్తంలో అయిదో వంతుకన్నా తక్కువ ఇస్తామంటే దాదాపు సగం మంది ఆ డబ్బును కాలదన్నుకుంటారు.

2003లో అలన్ సాన్ఫీ బృందం 19 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి ఈ ఆట ఆడించింది. పది డాలర్లలో రెండో, ఒకటో ఇస్తామన్నప్పుడు మెదడు లోపల ఇన్సులా అనే భాగం చురుగ్గా వెలిగింది. కుళ్లిన వాసన తగిలినప్పుడు, ఒళ్లు నొప్పి పెట్టినప్పుడు పనిచేసే భాగమే అది. అది ఎంత గట్టిగా వెలిగితే ఆ మనిషి బేరాన్ని తన్నేసే అవకాశం అంత ఎక్కువ. ఇంకో సంగతి కూడా తేలింది. అదే రెండు డాలర్లు కంప్యూటర్ ఇస్తానంటే ఇన్సులా అంతగా స్పందించలేదు, తిరస్కరణలూ తగ్గాయి. మనిషి చేసిన పనిగా అనిపించినప్పుడే మంట ఎక్కువ.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అర్మిన్ ఫాక్, ఎర్న్‌స్ట్ ఫెర్, ఉర్స్ ఫిష్‌బాకర్ అదే 2003లో ప్రచురించిన చిన్న ప్రయోగం. పదింట్లో ఎనిమిది నాకు, రెండు నీకు అన్న ఒకే పంపకాన్ని వాళ్లు నాలుగు పరిస్థితుల్లో పెట్టారు. వాటిలో మూడు ఇవి. మొదటివాడికి చెరి అయిదూ పంచే వీలు ఉండి కూడా ఎనిమిది తీసుకుంటే, రెండోవాళ్లలో 44 శాతం మంది తిరస్కరించారు. ఎనిమిది-రెండు తప్ప వేరే దారి లేదని తెలిసినప్పుడు తిరస్కరించింది 18 శాతమే. అసలు మొత్తం పదీ తనే తీసుకునే వీలున్నా ఎనిమిదితో సరిపెట్టాడని తెలిస్తే 9 శాతం. ఈ మూడు సందర్భాల్లోనూ రెండోవాడి చేతికి వచ్చేది అవే రెండు. మారిందల్లా అవతలివాడి ఉద్దేశం గురించి అతనికి తెలిసిన సంగతి.

బేరంలో మర్యాద మొత్తం ఈ ప్రయోగంలోనే ఉందని నా నమ్మకం. 20 అన్న అంకె ఒంటరిగా వస్తే, ఎక్కువ ఇవ్వగలిగి కూడా దోచుకోవాలని చూస్తున్నాడని అమ్మేవాడు అనుకుంటాడు. అంతకు మించి ఊహించడానికి ఆయనకు ఆధారం లేదు. అదే తగ్గింపు వెనక ఒక లెక్క కనబడితే, దోచుకునే ఉద్దేశం లేదని అర్థమవుతుంది. ఒప్పుకోకపోవచ్చు, కానీ మాట సాగుతుంది.

రాతలో ఇంకో చిక్కు ఉంది. సంతలో తక్కువ అడిగేటప్పుడు మొహంలో నవ్వు ఉంటుంది, గొంతులో బతిమాలడం ఉంటుంది. ఫోన్ తెర మీద అవేవీ ఉండవు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో చేసిన అధ్యయనంలో, ఈమెయిల్‌లో తమ మాట వెటకారమో నిజమో 78 శాతం సందర్భాల్లో అవతలివాళ్లు గుర్తుపడతారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజంగా గుర్తుపట్టింది 56 శాతం. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా సగం సరిపోతాయి కాబట్టి ఇది పెద్ద విజయమేమీ కాదు. మనం రాసేటప్పుడు మన గొంతు మనకు వినబడుతూ ఉంటుంది. చదివేవాడికి వినబడదు. కాబట్టి నోటితో అడిగేటప్పటికన్నా ఒక పాలు ఎక్కువ మర్యాద రాతలో కలపాలి.

కొనేవాడి భయం

ఇంతవరకూ అమ్మేవాడి వైపు చెప్పాను. తక్కువ అడిగేవాడు పిసినారి అయ్యుండాలని లేదు. అతని భయం కూడా న్యాయమైనదే, దాన్ని అర్థశాస్త్రం గట్టిగానే సమర్థిస్తుంది.

జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల బజారు గురించి రాసిన వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి. చివరికి 1970లో అచ్చయింది, 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన చెప్పినది ఇది. కారు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు మంచిదానికీ పాడైనదానికీ మధ్యన ఒక సగటు ధర ఇస్తానంటాడు. ఆ ధర పాడైన కారు ఉన్నవాడికి లాభం, మంచి కారు ఉన్నవాడికి నష్టం. మంచి కారువాడు అమ్మడం మానుకుంటాడు. బజారులో పాడైనవాటి వాటా పెరుగుతుంది. అది చూసి కొనేవాడు ఇంకా తగ్గిస్తాడు. అలా దిగుతూ పోయి ఒక్కోసారి బజారే మూతబడుతుంది.

చూడకుండా సగానికి అడిగే అలవాటు చేసే హాని ఇక్కడ కనిపిస్తుంది. అలాంటి మెసేజ్‌లు వరసగా వస్తే, బండిని శ్రద్ధగా చూసుకున్నవాడే ముందుగా విసుగెత్తి ప్రకటన తీసేస్తాడు. "ఈ రేటుకు అమ్మేకన్నా బావమరిదికి ఇచ్చేస్తే సరిపోతుంది" అనుకుంటాడు. లోపాన్ని దాచి అమ్మేవాడికి ఏ రేటైనా గిట్టుబాటే, వాడు ఓపిగ్గా కూర్చుంటాడు. మిగిలేది వాడే.

దీనికి విరుగుడు సమాచారం. అమ్మేవాడు తెలిసిన లోపాలు రాయాలి, కొనేవాడు అడగాలి, చూడాలి. చూడటం అంటే ఏమిటో స్కూటర్ దగ్గరే చెబుతాను. టైరు పక్క గోడ మీద అంగుళం పొడవున్న ఒక గడిలో నాలుగంకెలు అచ్చొత్తి ఉంటాయి. దుమ్ము తుడిచి, ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే కనబడతాయి. 1821 అని ఉంటే ఆ టైరు 2021లో 18వ వారం తయారైందని అర్థం. బండి కూడా 2021దే అయితే టైర్లు కంపెనీవే, ఇప్పటిదాకా మార్చలేదు. గాడుల అడుగున చిన్న మిట్టలుంటాయి. టైరు ఆ మిట్టల మట్టానికి అరిగిపోతే ఇక మార్చాల్సిందే. వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. జతకు మూడు వేల పైమాట, బ్యాటరీ పాతదైతే ఇంకో వెయ్యీ పదిహేను వందలు, పేరు మార్పిడి ఫీజు వేరు. ఇవన్నీ కాగితం మీద కూడితే తగ్గింపు అడగడానికి నోరు దానంతటదే వస్తుంది.

అసలు ధర ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్నదానికి కూడా ఇద్దరూ ఒప్పుకోదగిన కొలత ఒకటి ఉంది. వాహన బీమా కంపెనీలు బండి విలువ కట్టడానికి వాడే తరుగుదల పట్టిక అది. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, నాలుగు దాటి అయిదేళ్ల లోపు 50 శాతం తీసేస్తారు. అదే మోడల్ కొత్తది షోరూమ్ ధర 80,000 అనుకుంటే, నాలుగేళ్లు దాటిన బండి విలువ 40,000. గిరాకీ ఉన్న మోడల్‌కు బజారులో ఇంతకన్నా ఎక్కువే పలకొచ్చు. అయినా ఇది అమ్మేవాడి మమకారంతోనూ కొనేవాడి ఆశతోనూ సంబంధం లేని అంకె, అందుకే పనికొస్తుంది. ఫోన్ కొనేటప్పుడు ఆ స్థానంలో బ్యాటరీ ఆరోగ్యం శాతం ఉంటుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిస్తే అమ్మేవాడు స్క్రీన్‌షాట్ తీసి పంపగలడు. అది 80 దగ్గరికి వస్తే బ్యాటరీ మార్పిడి ఖర్చు ధరలోంచి తీయమనడంలో తప్పే లేదు.

ఇప్పుడు ఆ 20 మెసేజ్ ఇలా రాయొచ్చు. "నమస్తే అండి. బండి ఫొటోలు చూశాను, బాగా చూసుకున్నారు. టైర్లు కంపెనీవే ఉన్నట్టున్నాయి, మార్చాల్సి రావచ్చు. బ్యాటరీ పాతదని మీరే రాశారు. ఇన్సూరెన్స్ విలువ 40,000 చొప్పున చూసి, ఆ ఖర్చులు తీస్తే 34,500 అనుకుంటున్నాను. వీలైతే శనివారం పొద్దున వచ్చి చూస్తాను. నచ్చితే అక్కడే డబ్బు పంపిస్తాను. కుదరకపోయినా పర్వాలేదండి." అడిగిన ధరకు ఇది ఏడున్నర వేలు తక్కువ. అయినా దీన్ని చదివి బ్లాక్ చేసేవాళ్లు అరుదు.

మధ్యలో కలిసే చోటు

మొదట ఎంత తక్కువ చెబితే అంత లాభమని బేరగాళ్లలో ఒక నమ్మకం ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఏమోస్ ట్వర్‌స్కీ, కానమన్ 1974లో రాసిన వ్యాసంలో అంకెల చక్రం ప్రయోగం ఒకటుంది. 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా ముందే సర్దిపెట్టిన చక్రాన్ని తిప్పి, ఐక్యరాజ్యసమితి సభ్య దేశాల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. 10 చూసినవాళ్ల మధ్యస్థ జవాబు 25, 65 చూసినవాళ్లది 45. చక్రానికీ ఆఫ్రికాకూ సంబంధం లేదని అందరికీ తెలుసు, అయినా మొదట చెవినపడ్డ అంకె జవాబును తనవైపు లాగింది. లంగరు వేసిన పడవ దాని చుట్టూనే తిరిగినట్టు ఆలోచన ఆ అంకె చుట్టూ తిరుగుతుంది. బేరంలో మొదటి మాటకూ ఈ బలం ఉంటుంది.

అయితే ప్రయోగశాలలో కూర్చున్నవాడు లేచి వెళ్లిపోడు, ఆన్‌లైన్‌లో అమ్మేవాడు వెళ్లిపోతాడు. అసలైన బజారులో ఏం జరుగుతుందో చూడాలంటే ఈబే సమాచారం చూడాలి. ఈబేలో అడిగిన ధర కాకుండా మనకు తోచిన ధర చెప్పే సదుపాయం ఉంది. మాథ్యూ బాకస్, టామ్ బ్లేక్, బ్రాడ్ లార్సెన్, స్టీవెన్ టాడెలిస్ అలాంటి రెండున్నర కోట్లకు పైగా బేరాలను పరిశీలించి 2020లో ఫలితాలు రాశారు. రెండు సంగతులు స్పష్టంగా కనిపించాయి. ఒకరు దిగితే రెండోవారూ దిగుతారు, మొండికేస్తే మొండికేస్తారు. రెండోది, చివరగా చెప్పిన రెండు అంకెలకు సరిగ్గా నడిమధ్య పడే మాటను జనం ఎక్కువగా చెబుతారు, ఎక్కువగా ఒప్పుకుంటారు.

నడిమధ్యకు ఇంత బలం ఉందంటే కొనేవాడికి ఒక లెక్క దొరికినట్టే. 42,000 అడిగిన బండికి 34,500 అంటే నడిమి 38,250. ఇద్దరికీ గిట్టుబాటయ్యే చోటు అది. 20,000 అంటే నడిమి 31,000. బీమా లెక్క ప్రకారం 40,000 చేసే బండిని ఆయన 31,000కు ఇవ్వడు, ఆ సంగతి ఆయనకు వెంటనే తెలుస్తుంది. ఇక మాట్లాడి ఏం లాభమని ఊరుకుంటాడు. అతి తక్కువ మాట బేరాన్ని కిందికి లాగడానికి ముందే తెంపేస్తుంది.

అమ్మేవాడు కూడా తన అంకెతో ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. బాకస్, బ్లేక్, టాడెలిస్ 2019లో ఈబే మీదే రాసిన మరో వ్యాసంలో, ధరను సరిగ్గా వంద డాలర్ల గుణిజంగా పెట్టినవాళ్లకు వచ్చిన మాటలు, దానికి అటూ ఇటూ ఉన్న చిల్లర ధరలతో పోలిస్తే 5 నుంచి 8 శాతం తక్కువ. కానీ అవి 6 నుంచి 11 రోజులు ముందుగా వచ్చాయి, వస్తువు అమ్ముడయ్యే అవకాశమూ 3 నుంచి 5 శాతం పెరిగింది. గుండ్రటి అంకె చూస్తే కొనేవాడికి "ఈయనకు తొందరగా ఉంది, తగ్గుతాడు" అని అర్థమవుతుంది. నిజంగానే తొందర ఉంటే అలా పెట్టడంలో తప్పు లేదు. తగ్గే ఉద్దేశం లేనివాళ్లు మాత్రం ధర ఎందుకంతో ఒక్క వాక్యం రాసి, బేరం లేదని ముందే చెప్పేయడం మంచిది. 'నెగోషియబుల్' అని రాసి, ఎవరైనా తక్కువ అడగగానే విరుచుకుపడటం కొనేవాడికి చేసే అన్యాయమే. మొదటి మాటకే సరేనని ఎగిరి గంతేసినా అవతలివాడు సంతోషించడు. ఇంకా తగ్గించి అడిగి ఉండాల్సిందని మథనపడతాడు. ఆడమ్ గాలిన్‌స్కీ బృందం 2002లో దీన్ని ప్రయోగాల్లో చూపించింది.

ఇంతవరకూ చెప్పిన తక్కువ మాటలన్నిటికన్నా నాకు పెద్ద తప్పుగా కనిపించేది వేరే ఉంది. మెసేజ్‌లో 38,000కు ఒప్పుకుని, ఇంటి గుమ్మం ముందుకొచ్చి, బండి తాళం చేతిలోకి తీసుకున్నాక "33 ఉంది సార్, తీసుకోండి" అనడం. ఇది పనిచేస్తుంది, అందుకే కొందరు చేస్తారు. ఎందుకు పనిచేస్తుందో రాబర్ట్ చాల్డీనీ బృందం 1978లో తేల్చింది. ఒక ప్రయోగంలో పాల్గొనాలని విద్యార్థులను అడిగారు. అది పొద్దున ఏడింటికని ముందే చెబితే 31 శాతం సరేనన్నారు. ముందు సరేననిపించి తర్వాత ఏడింటి సంగతి చెబితే 56 శాతం ఒప్పుకున్నారు. ఒకసారి ఒప్పుకున్నాక షరతు మారినా మనిషి వెనక్కి తిరగలేడు. గుమ్మం ముందు ఉన్న అమ్మకందారు పరిస్థితి ఇదే. మిగతా వాళ్లకు బండి పోయిందని చెప్పేశాడు, ఆదివారం పొద్దంతా కడిగి తుడిచాడు, ఇంట్లోవాళ్లకు చెప్పాడు. ఆ ఇరకాటాన్ని వాడుకోవడం బేరం కాదు. చూసినప్పుడు రాతలో లేని లోపం కనబడితే, హెడ్‌లైట్ పగిలి ఉంటేనో ఇంజిన్ ఆయిల్ కారుతుంటేనో, అప్పుడు మళ్లీ రేటు మాట్లాడటం న్యాయమే. ఆ లోపాన్ని వేలుపెట్టి చూపించి మాట్లాడాలి.

అవసరంలో ఉన్నవాళ్ల దగ్గర ఇంకొంచెం ఆగాలి. అమెరికాలో చదువు ముగించి వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరబోయే మన తెలుగు పిల్లలు పరుపు, బల్ల, కుర్చీలు, రైస్ కుక్కర్ అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి. ముప్పయ్యో తారీఖు రాత్రి దాకా ఆగితే ఊరికే వస్తుందని తెలిసి కాచుకునేవాళ్లుంటారు. కానమన్, క్నెచ్, థేలర్ 1986లో జనాన్ని ఒక ప్రశ్న అడిగారు: మంచు తుపాను వచ్చిన మర్నాడు దుకాణదారు 15 డాలర్ల మంచు పారను 20కి పెంచితే ఎలా ఉంటుంది? 82 శాతం మంది అది అన్యాయమన్నారు. గిరాకీ పెరిగితే ధర పెరగడం అర్థశాస్త్రంలో మామూలే, అయినా ఎదుటివాడి ఇబ్బందిని సొమ్ము చేసుకోవడం జనం మనసుకు ఒప్పలేదు. పార అమ్మేవాడి విషయంలో అన్యాయమనిపించింది పరుపు కొనేవాడి విషయంలో న్యాయం ఎలా అవుతుంది?

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని బేరాలు కుదరవు. రోజర్ మైయర్సన్, మార్క్ సాటర్‌థ్వైట్ 1983లో దీన్ని గణితంతోనే నిరూపించారు. అమ్మేవాడు 37,000 దాకా దిగగలడు, కొనేవాడు 39,000 దాకా ఎక్కగలడు అనుకుందాం. కుదిరితే ఇద్దరికీ లాభమే. కానీ ఎవరి హద్దు వారి కడుపులో దాచుకున్నంత కాలం, లాభసాటి బేరాలన్నీ తప్పకుండా కుదిరేలా చేసే పద్ధతి ఏదీ ఉండదు, బయటివాళ్లెవరో డబ్బు కలిపితే తప్ప. కుదరకపోవడం ఎవరి మొండితనమూ కానక్కర్లేదు. కాబట్టి విడిపోయేటప్పుడు తలుపు మూసెయ్యకూడదు. "నా వల్ల 36,000 దాకే అవుతుందండి, వచ్చే శనివారం దాకా ఈ మాట మీద ఉంటాను" అని రాస్తే అమ్మేవాడికి ఒక గడువూ ఒక ఖాయమైన అంకే చేతిలో ఉంటాయి. ఈలోగా ఆయన కొత్త బండి డెలివరీ కావచ్చు, పార్కింగ్‌లో చోటు లేకపోవచ్చు, ఎక్కువిస్తానన్నవాడు రాకపోవచ్చు. అప్పుడు ఆయనే ఫోన్ చేస్తాడు. బండి మరొకరికి వెళ్లిపోతే, అడిగినవాళ్లకు "అమ్ముడైపోయిందండి" అని ఒక్క మాట రాసి ఆ ప్రకటన తీసేయడం అమ్మినవాడి వంతు.